ఇంటికొయ్యను పొడుచు వడ్రంగిపిట్ట: రైతులు గమనింపవలసిన సంగతులు

వడ్రంగిపిట్టను ఎఱుగని రైతు లేడు. మామిడితోపులందును, తాటివనములందును, చేనిగట్టుపై నుండు ఎండుచెట్ల మీదను ఈ పక్షి మ్రానును పట్టుకొని పైకి ప్రాకుచు ముక్కుతో టకటకమని కొట్టుట అందఱును చూచినదే. చెట్టును కొట్టినంత కాలము దానిని గూర్చి ఎవ్వరును చింతింపరు. అయితే ఆ పక్షియే ఒకనాటి యుదయమున ఇంటి చూరు క్రిందికి వచ్చి వాసపు కొననో, పశువుల కొట్టపు దూలమునో పొడువ నారంభించిన యెడల ఇంటి యజమానికి కోపము వచ్చుట సహజము. వడిసెల రాయి విసరువారును, తుపాకి తీయువారును కలరు. పక్షి చచ్చినను, పారిపోయినను చప్పుడు నిలుచును గాని కొయ్యకు పట్టిన చీడ నిలువదు. ఆ పక్షి ఏల వచ్చెనో విచారింపని వాడు తన దూలమును తానే పోగొట్టుకొనును.

పక్షి ఇంటికొయ్యను పొడుచుటకు గల కారణములు, గుంటను చూచి కారణమును గుర్తించు విధము, కొయ్యను బాగుచేయు పద్ధతి, పక్షిని చంపక తొలగించు ఉపాయములు ఈ కరపత్రమున క్రమముగా తెలుపబడినవి.

1. పక్షి స్వభావము

తెలుగు పల్లెలయందు తఱచుగా కనబడు వడ్రంగిపిట్ట గోరువంక కంటె కొంచెము పెద్దది. వీపు బంగారు వన్నెగా నుండును. గొంతు నల్లగా నుండి తెల్లని చారలు కలిగియుండును. మగపక్షికి నుదుటినుండి వెనుకవఱకు తురాయి అంతయు ఎఱ్ఱనిది. ఆడుపక్షికి నుదురు నల్లనై తెల్లని చుక్కలతో నుండి, తురాయి వెనుకభాగము మాత్రమే ఎఱ్ఱగా నుండును.

ఈ పక్షి దేహమంతయు చెట్టుపనికి తగినట్లు ఏర్పడినది. కాలివ్రేళ్ళు రెండు ముందుకును, రెండు వెనుకకును తిరిగి యుండుటచే నిట్టనిలువు మ్రానును గట్టిగా పట్టుకొనగలదు. తోక యీకలు బిరుసైనవి గనుక, పీటకాలి వలె ఆనికగా పనిచేయును. నాలుక మిక్కిలి పొడవైనది, జిగట కలది, కొనయందు ముండ్లవంటి కొక్కెములు కలది. ముక్కుతో తొలిచిన సన్నని బెజ్జములోనికి ఈ నాలుకను చాచి లోపలి పురుగును బయటికి లాగును. చీమలు, చెదలు, కొయ్యను తొలుచు పెంకుపురుగుల పిల్లలు దీని ముఖ్యాహారము. బెరడు క్రింద దాగి మ్రానును తినుచుండు పురుగును, రైతు చల్లిన మందు చేరలేని చోటునుండి, ఇది వెదకి తినును. ఇందుకు తోటవాడు దానికి కూలి యీయనక్కరలేదు.

ఫాల్గుణము మొదలు ఆషాఢము వఱకు ఇది గూడు పెట్టుకాలము. ఎండిన మ్రానునందు తొఱ్ఱ తొలిచి సాధారణముగా 3 గ్రుడ్లు పెట్టును. సుమారు 11 దినములు పొదుగును. పిల్లలు పుట్టిన పిమ్మట సుమారు 20 దినములకు గూడు విడుచును. ఈ పక్షి విడిచిన తొఱ్ఱలయందు గోరువంక, పాలపిట్ట, చిన్న గుడ్లగూబ మొదలగునవి కాపురముండును. ఇవి చేలలోని పురుగులను, గుడ్లగూబ ఎలుకలను కూడ తిని రైతునకు మేలు చేయును.

2. ఇంటికొయ్యను పొడుచుటకు కారణములు

పచ్చని తోపును విడిచి పక్షి ఇంటి దూలము కడకు వచ్చుటకు కారణములు మూడు.

మొదటిది ఆహారము. కొయ్యలోపల పురుగు తిరుగుచున్నచో, కొట్టి చూచినప్పుడు వచ్చు ధ్వని భేదమును బట్టియు, పురుగు కదలికను బట్టియు పక్షి దానిని కనిపెట్టును. చెవికి వినరాని చీడను రైతునకు ముందుగా తెలుపునది ఇదియే.

రెండవది గూడు. పైన బిరుసుగా నుండి లోపల మెత్తబడిన కొయ్య గూడునకు అనుకూలము. ఈ విషయమున పక్షి మోసపోవుటయు కలదు. 1995లో అమెరికాలోని ఫ్లోరిడాయందు ఆకాశయానమునకు సిద్ధముగా నిలిపిన డిస్కవరీ అను వ్యోమనౌక యొక్క ఇంధనపు తొట్టికి చుట్టిన మెత్తని నురుగు కవచమును ఆ దేశపు వడ్రంగిపిట్టలు పొడిచి సుమారు 200 గుంటలు చేసెను. జూన్ మాసమున బయలుదేరవలసిన నౌకను మఱల శాలకు తీసికొనిపోయి బాగుచేసి, జూలై 13వ తేదీన పంపవలసి వచ్చెను. మెత్తని వస్తువును బయట పెట్టి పక్షిని నిందించి ప్రయోజనము లేదని దీనివలన తెలియుచున్నది.

మూడవది డప్పు. కోకిల కూసినట్లు వడ్రంగిపిట్ట తన యెల్లను చాటుటకును, జోడును పిలుచుటకును డొల్లకొయ్యపై వడివడిగా కొట్టును. కప్పునకు వేసిన ఇనుప రేకు, ఎండిన బొంగు, పగిలిన పలక మొదలగునవి బాగుగా మ్రోగును గనుక వానిని ఎన్నుకొనును. దీనివలన నిద్రాభంగమే గాని కొయ్యకు గొప్ప నష్టము లేదు. గూడు కట్టుకాలము గడచిన పిమ్మట తనంతట తానే మానును.

3. ఇద్దఱు రైతుల దృష్టాంతము

ఒకే గ్రామమున ఇద్దఱు రైతులకు మట్టిమిద్దె కలదనియు, ఇద్దఱి దూలములను వేసవియందు వడ్రంగిపిట్ట పొడిచెననియు అనుకొందము. మొదటివాడు పక్షిని కొట్టి తఱిమెను. గుంటలను మట్టితో పూసి సున్నము కొట్టెను. చప్పుడు నిలిచినది గనుక పని అయినదని తలచెను. లోపలి పురుగు మాత్రము రెండు ఏండ్లు నిశ్చింతగా తినెను. మూడవ యేట ముసురు పట్టి మిద్దె మట్టి నీటితో బరువెక్కగా, గోడలోనికి పోయిన దూలపు కొన విఱిగి మిద్దె కూలెను. క్రింద కట్టిన ఎడ్లజత పోయినది. ఆ దినమున పిల్లలు అచ్చట నిద్రింపకపోవుట దైవానుగ్రహమే.

రెండవవాడు నిచ్చెన వేసికొని గుంటను పరీక్షించెను. పిండి రాలుట చూచి వడ్రంగిని పిలిచెను. ఊతకంభము నిలిపి, చెడిన కొన కోయించి, మిగిలిన కొయ్యకు మందు పూయించెను. కొలది వ్యయముతో అతని యిల్లు నిలిచెను. పక్షి ఇద్దఱికిని చెప్పిన మాట ఒక్కటే, విన్నవాడు ఒక్కడు.

4. గుంటను చూచి కారణమును గుర్తించుట

(అ) కొయ్య పొడవునను వంకరటింకరగా, అంచులు చీలి, చిన్నవియు పెద్దవియు నగు గుంటలున్న యెడల లోపల పురుగున్నదని తెలియవలెను.

(ఆ) పక్షి దేహము పట్టునంత గుండ్రని రంధ్రము ఒక్కటియే యుండి, లోనికి పోయి క్రిందికి దిగిన యెడల అది గూటి తొఱ్ఱ.

(ఇ) ఒకేచోట గుంపుగా, లోతు లేని చిన్న నొక్కులున్న యెడల అది డప్పు కొట్టిన గుర్తు.

పురుగున్నదని తేలిన పిమ్మట అది యే పురుగో నిశ్చయింపవలెను. ఇంటికొయ్యను పాడుచేయునవి ముఖ్యముగా మూడు.

చెదలు: నేలనుండి గోడమీదుగా సన్నని మట్టి గొట్టములు కట్టుకొని కొయ్యను చేరును. వెలుగు పడకుండ లోపలనే తినును గనుక పైపొర చెక్కు చెదరక యుండును. చెమ్మ తగిలిన కొయ్య వీనికి మిక్కిలి ప్రీతి.

పుచ్చు పుట్టించు పెంకుపురుగులు: గుండుసూది తలంత బెజ్జములు వేయును. వాని క్రింద మెత్తని పిండి రాలును. ఇవి కొయ్యలోని గంజిపదార్థమును తినును గనుక చేవలేని తెల్లకొయ్యను, వెదురును విశేషముగా పట్టును.

కొయ్య తుమ్మెదలు: ఇవి నల్లని పెద్ద తుమ్మెదలు. ఎండు కొయ్యయందు వ్రేలు పట్టునంత నున్నని గుండ్రని రంధ్రము చేసి, లోపల కొయ్య నారవెంట సొరంగము త్రవ్వి పిల్లలను పెంచును. ఆ పిల్లలకై వడ్రంగిపిట్ట సొరంగము వెంబడి కొయ్యను చీల్చును. ఈ తుమ్మెదలు కొయ్యను తినవు. జనుము, కంది మొదలగు పైరుల పూలపై వ్రాలి పుప్పొడిని చేరవేయును గనుక వీనిని చంపుట పైరునకు నష్టము. ఇంటికొయ్యనుండి తొలగించిన చాలును.

5. కొయ్యను పరీక్షించు విధము

పక్షి పొడిచిన చోటనే గాక దూలమంతయు పరీక్షింపవలెను. చిన్న కొయ్యసుత్తితో జానకొక దెబ్బ చొప్పున కొట్టుచు వినవలెను. గట్టి కొయ్య కణకణమనును. తొలిచిన కొయ్య డొల్లధ్వని యిచ్చును. డొల్లగా మ్రోగిన చోట ఉలి మొననో, సన్నని ఆరనో గ్రుచ్చవలెను. చేవ గల కొయ్యలో మొన దిగదు. బెల్లపు దిమ్మలో వలె దిగినయెడల ఆ భాగము బలహీనమైనది.

ముఖ్యముగా మూడు తావులను మఱువరాదు: గోడలోనికి పోయిన దూలపు కొనలు, నేలను తాకు కంభముల మొదళ్ళు, పెంకు జారి వాన కాఱు చోట్లు. చీడ తఱచుగా ఇచ్చటనే మొదలగును.

దూలము కొంచెము చెడిన నేమి, పెద్ద దూలము గదా యని ఉపేక్షింపరాదు. దూలపు బలము దాని ఎత్తును బట్టి మిక్కిలి వేగముగా తగ్గును. ఎత్తు సగమైనచో బలము సగము కాదు, నాలుగవ వంతే మిగులును. 12 అంగుళముల ఎత్తుగల దూలమున పైనుండి 3 అంగుళముల మందము చెడినచో, మిగిలిన 9 అంగుళములకు పూర్వపు బలములో సగము కంటె కొంచెము మాత్రమే యెక్కువ యుండును. కావున అట్టి దూలమునకు వెంటనే ఊతకంభము నిలుపవలెను. ఊత లేకుండ కోయుటగాని, మార్చుటగాని ప్రాణాపాయము.

6. కొయ్యను బాగుచేయు పద్ధతి

చెదలకు: మొదట నీరు కాఱు చోటును బాగుచేయవలెను. మట్టి గొట్టములను గీకివేయవలెను. గోడకును, కొయ్యకును ఆనించి పెట్టిన కట్టెమోపులు, ఎరువుకుప్పలు తీసివేయవలెను. కంభము నేలలో పాతినదైన, మొదలు కోసి రాతి దిమ్మెపై నిలుపుట మేలు. పిమ్మట చెదలకై అనుమతింపబడిన మందును, డబ్బాపై వ్రాసిన మోతాదు మీఱకుండ, పునాది వెంబడి నేలలో పోయించవలెను. నూతికి సమీపమున పోయరాదు. పూర్వము వాడుకలో నుండిన బీ.హెచ్.సీ. పొడి 1997లో నిషేధింపబడినది. మూలను పడియున్న పాత డబ్బాలను ఎంత మాత్రము వాడరాదు.

పెంకుపురుగులకు: 10 లీటర్ల వేడినీటిలో 600 గ్రాముల వెలిగారమును, 400 గ్రాముల బోరిక్ ఆసిడును కరిగించిన ద్రావకము మంచిది. కొయ్యపై నున్న రంగును, నూనెజిడ్డును గీకివేసి, కుంచెతో తడియునట్లు పూయవలెను. ఆఱిన పిమ్మట మఱల రెండు సార్లు పూయవలెను. ఈ ద్రావకము వానకు కరిగి పోవును గనుక, బయటి కొయ్యకు పూసినప్పుడు ఆఱిన తరువాత పైన నూనెరంగు వేయుట అవశ్యము. ద్రావకము కడుపులోనికి పోయిన హాని చేయును. కావున వంటపాత్రలలో కలుపరాదు. ధాన్యపు గాదె లోపల పూయరాదు. పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

తుమ్మెదలకు: పిల్లలు ఎదిగి వెలుపలికి పోయిన పిమ్మట రంధ్రమున గట్టి కొయ్యబిరడా బిగించి, లప్పము పెట్టి, నూనెరంగు వేయవలెను. రంగు వేసిన కొయ్యను తుమ్మెద తఱచుగా ముట్టదు. తోటమూలను ఎండు వెదురుబొంగులను కట్టి వ్రేలాడదీసిన యెడల తుమ్మెదకు వేఱొక చోటు దొరకును. పైరునకు దాని సేవయు నిలుచును.

చిన్న గుంటలను, మందు పూసిన తరువాతనే, రంపపుపొట్టును జిగురుతో కలిపి పూడ్చవలెను. మందు పూయక పూడ్చుట దొంగను లోపలనుంచి తలుపు వేసినట్లగును.

7. పక్షిని తొలగించు ఉపాయములు

పురుగు నశించినచో పక్షి సాధారణముగా తనంతట తానే పోవును. అంతలో కొయ్యను కాపాడుటకు ఈ క్రింది ఉపాయములు చేయవచ్చును.

వల: సన్నని కన్నులు గల వలను చూరునుండి క్రిందికి కట్టవలెను. వల కొయ్యను తాకక, నాలుగు వ్రేళ్ళ యెడము ఉండవలెను. తాకినయెడల పక్షి దానిపై నిలిచి పొడుచును. పక్షి చిక్కుకొనకుండ వలను బిగువుగా లాగి కట్టవలెను.

మెఱయు పట్టీలు: గాలికి ఆడుచు తళతళలాడు రేకు పట్టీలను గజము పొడవున కత్తిరించి పొడిచిన చోట వ్రేలాడదీయవలెను. అమెరికాయందు కొయ్యపలకల గోడలు గల యిండ్లు విస్తారముగా నుండుటచే ఈ బాధ అచ్చట మెండు. కార్నెల్ విశ్వవిద్యాలయమున జరిగి 2007లో ప్రకటింపబడిన పరిశోధనయందు ఆఱు ఉపాయములను పోల్చి చూడగా, నిలుకడగా పనిచేసినవి ఇట్టి మెఱయు పట్టీలే యని తేలినది. గుడ్లగూబ బొమ్మ వంటి వానికి పక్షి కొన్ని దినములలో అలవాటు పడును. చేనిలోని దిష్టిబొమ్మపై కాకి వ్రాలుట రైతు చూచుచున్నదే గదా.

డప్పునకు: మ్రోగు రేకునకు వెనుక పాత గోనెపట్టా కూరినచో ధ్వని అణగును. ధ్వని లేని చోట పక్షి డప్పు కొట్టదు.

జిగట పదార్థములను, గ్రీజును కొయ్యకు పూయరాదు. పక్షి యీకలకు అంటి అది ఎగురలేక చచ్చును, కొయ్యయు పాడగును.

గూడు పెట్టి గ్రుడ్లో, పిల్లలో యున్న యెడల రంధ్రమును మూయరాదు. గ్రుడ్లు పెట్టినది మొదలు ఇంచుమించు అయిదు వారములలో పిల్లలు ఎగిరిపోవును. అంతవఱకు దూలమునకు ఊత నిలిపి ఓర్చుకొనవలెను. పిమ్మట లోపల ఏ ప్రాణియు లేదని చూచి పూడ్పించవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షిని చంపుటయు, పట్టుటయు, దాని గ్రుడ్లను తీయుటయు నేరము. కోపమున విసరిన రాయి రైతును కచేరీ మెట్లు ఎక్కించును.

పొలమున ఇంటికి దూరముగా, మనుష్యులకు, పశువులకు అపాయము లేని చోట ఎండిన మ్రాను ఒకటి యున్నయెడల వంటచెఱకునకు నఱుకక విడుచుట మంచిది. గూటికి తగిన ఎండుచెట్టు ఊరిలో లేకపోయినప్పుడే పక్షి ఇంటికొయ్యను వెదకుకొనును.

8. క్రొత్తగా ఇల్లు కట్టువారికి హెచ్చరిక

కొయ్య కొనునప్పుడు తక్కువ వెలకు ఆశపడి తెల్లకొయ్య మిక్కుటముగా నున్న దూలమును కొనరాదు. టేకు, ఏగిస, నల్లమద్ది వంటి వానియందు సైతము చేవ మాత్రమే గట్టిది. బెరడు క్రింది తెల్లకొయ్య పురుగునకు ఆహారము. తాటి దూలమునకు వెలుపలి నల్లని భాగమే బలము. లోపలి మెత్తని బెండును చెక్కివేయవలెను. వెదురును కోసిన పిమ్మట కొన్ని వారములు చెఱువునీటిలో నానవేసి నీడన ఆరబెట్టు పూర్వాచారము యుక్తమైనది. నీటిలో గంజిపదార్థము చాలవఱకు పోవును గనుక పుచ్చు తగ్గును. పచ్చికొయ్యను ఇంటికి ఎక్కింపక బాగుగా ఆరనీయవలెను. దూలపు కొనలను గోడలో పెట్టునప్పుడు ముందుగా మందు పూసి, చుట్టును కొంచెము గాలి ఆడునట్లు ఖాళీ విడువవలెను. చూరు బయటికి చాచిన కొయ్యలకు ఏటేట వానలకు ముందు నూనెరంగు వేయవలెను.

9. ముఖ్యాంశములు

పక్షి పొడిచిన మఱునాడే నిచ్చెన వేసి చూడవలెను. గుంటను పూడ్చుటకు ముందు పురుగును వెదకవలెను. డొల్లయైన దూలమునకు ముందు ఊత, పిమ్మట మందు, తుదకు మరమ్మతు. గూటిలో పిల్లలున్నచో అవి ఎగిరిపోవు వఱకు ఆగవలెను. ఏటేట వైశాఖమాసమున, వానలు రాకమునుపు, ఇంటికొయ్యనంతయు ఒకమాఱు కొట్టి చూచుకొను రైతునకు, వడ్రంగిపిట్ట వచ్చి చెప్పవలసిన పని యుండదు.